శుక్రవారపు రాత్రి ఆట

శుక్రవారపు సాయంకాలమునకు మన ఇండ్లలో ఒక మర్యాద కలదు. గడపకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, సంధ్యవేళ దీపము వెలిగించి, వీధి తలుపు కొంతసేపు తెఱచియుంచుట పెద్దలు మనకు నేర్పిన యాచారము. ఆ పూట ఇంటి సొమ్ము బయటికీయము. ఇంటి యాడపిల్లను ప్రయాణము చేయనీయము. లక్ష్మి గడప దాటి పోరాదని మన తలంపు. ఇట్టి యాచారములలో పెరిగినవారమగుటచేత, మా యాడబిడ్డ చదువుచున్న కళాశాలవారు ఇకమీదట తమ మైదానమున జరుగు ఫుట్‌బాలు పందెములన్నియు శుక్రవారము రాత్రి విద్యుద్దీపముల వెలుగున జరుపుదుమని తెలియజేసినప్పుడు మా గుండె ఝల్లుమన్నది.

మేము ఫిలింనగరున కాపురమున్నవారము. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి కడగొట్టు చెల్లెలు మా యింటనుండియే డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచు, కళాశాల బాలికల జట్టులో ఆడుచున్నది. మాకు బడి చదువు లేదు. మా తండ్రిగారు ఇంటివద్దనే కూర్చుండబెట్టి భారత భాగవతములును, కొన్ని కావ్యములును చెప్పించిరి. ఆటస్థలమన నెట్టిదో మేమెఱుగము. కావున ఈ విషయమున మా మాట పండితుల మాట కాదు. ఒక పిల్లను కాచుకొనియున్న యిల్లాలి మాటగా మాత్రమే సోదరీమణులు దీనిని గ్రహింపవలయును.

మా పేటలో శుక్రవారము లక్ష్మీదేవి కొక్కతెకే చెందినది కాదు. తెలుగు చలనచిత్రములు చాలవఱకు ఆ దినముననే విడుదలగును. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటినుండి ఈ కొండరాళ్ల నడుమ చిత్రపరిశ్రమ క్రమముగా వేళ్లూనినది. నేడు మా యిరుగుపొరుగున లైటుపనివారును, మేకప్పు చేయువారును, కుట్టుపనివారును, డ్రైవర్లును కాపురములు చేయుచున్నారు. గురువారము రాత్రి వీరికి కంటికి నిద్ర రాదు. మఱునాటి ఉదయపు ఆట వదలునప్పటికి తాము పనిచేసిన చిత్రము నిలుచునో పోవునో తేలిపోవును. ఇక సాయంకాలమైనచో జూబిలీహిల్స్ చెక్‌పోస్టు మొదలుకొని 36వ నెంబరు రోడ్డు పొడవునను కార్లు బారులు తీరును. పబ్బులు కిక్కిరియును. పొద్దుపోయినకొలది పోలీసులు రోడ్డునకడ్డముగా నిలిచి, వాహనము నడుపువారు త్రాగియున్నారేమోయని యంత్రములో ఊదించి చూచెదరు. ఇట్టి రాత్రివేళ పందొమ్మిదేండ్ల పిల్ల సంచి భుజమున వేసికొని ఒంటరిగా ఇల్లు చేరవలయుననగా ఏ యిల్లాలికి నిశ్చింత యుండును? జనసమ్మర్దమన్నను మాకు భయమే. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్డులోని సంధ్య థియేటరువద్ద, క్రొత్త చిత్రము చూడవచ్చిన జనుల తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము విడిచిన సంగతి మా పేటలో నెవరును మఱువలేదు.

కావున మేము కొందఱు తల్లులను కూడగట్టి ప్రిన్సిపాలుగారికొక విన్నపము వ్రాసితిమి. వ్రాసినవారమును మేమే, మొదటి చేవ్రాలును మాదే. "బాలికలకు రాత్రి ఆటలు వలదు" అను నొక్కమాట తప్ప అందులో వేఱేమియు లేదు. కళాశాలవారు వారము తిరుగకముందే మా మాట మన్నించిరి. బాలుర పందెములు శుక్రవారము రాత్రి ఏడు గంటలకు దీపముల వెలుగున జరుగుననియు, బాలికల పందెములు అదే శుక్రవారము మధ్యాహ్నము రెండు గంటలకు జరుగుననియు ప్రకటించిరి. అది మార్చి నెల. హైదరాబాదులో అప్పటికే ఎండలు ముదిరినవి.

మా యాడబిడ్డ రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు. మూడవనాడు అన్నము వడ్డించుచుండగా తలయెత్తక యిట్లనెను: "వదినా, దీపములు అబ్బాయిలకును, ఎండ మాకును పంచినారు. పంచినది నీ చేతివ్రాతయే."

ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. సరే, చూతముగాక యని ఆ శుక్రవారము వంట పెందలకడ ముగించుకొని, పెద్ద సీసా నిండ మజ్జిగ పోసికొని మైదానమునకు పోయితిమి. మెట్లపై నిరువదిమందికి మించి లేరు. వారిలో సగము ఎదుటి కళాశాల బస్సువెంట వచ్చినవారు. తరగతులు జరుగు వేళయగుటచే స్నేహితురాండ్రు రాలేదు. తల్లులు వంటయిండ్లలోనో, ఉద్యోగములలోనో యుండిరి. ఎండకు నేల కాలిపోవుచుండెను. నలువదియైదేసి నిమిషముల చొప్పున రెండుమార్లు ఆడవలసిన యాటలో, రెండవ భాగము మొదలైన కొంతసేపటికి అవతలి జట్టు గోలుకీపరు కన్నులు తిరిగి కూలబడినది. ముఖముమీద నీళ్లు చల్లి, మేము తెచ్చిన మజ్జిగ త్రాగించి నీడకు చేర్చిరి. ఆ పిల్ల తల్లి అక్కడ లేదు. మజ్జిగ గ్లాసు పట్టుకొన్న మా చేతికి, విన్నపము వ్రాసిన చేయి ఇదియే గదా యని జ్ఞాపకము వచ్చినది.

ఆ రాత్రి మాకు దశకుమార చరిత్రములోని కందుకావతి కథ తలపునకు వచ్చినది. దండి సంస్కృతమున రచించిన ఆ కథలను కేతన తెనిగించెను. సుహ్మదేశపు రాకుమార్తెయగు కందుకావతి దేవి యానతి చొప్పున నెలనెల కృత్తికా నక్షత్రము వచ్చిన దినమున, పురజనులెల్లరు చూచుచుండగా బంతియాడి దేవి నర్చించును. అదియొక ఉత్సవము. రాకుమార్తె యాడుట తప్పని ఎవరును తలపలేదు. జనులు చూచుటయు తప్పని తలపలేదు. ఆ కథను చిన్ననాట వల్లెవేసిన మేము, మా యింటి పిల్ల ఆడునప్పుడు మెట్లు శూన్యముగా నుండవలెనని విన్నపము వ్రాసితిమి. చదువు పుస్తకముననే యుండి, బుద్ధి గడపదగ్గఱనే నిలిచిపోయినదని సిగ్గుపడితిమి.

మఱుసటి శుక్రవారము రాత్రి మా వారితోను, ఆడబిడ్డతోను గూడి బాలుర పందెము చూడబోయితిమి. దీపముల వెలుగున గడ్డిపోచ గడ్డిపోచయు కానవచ్చెను. చల్లని గాలి. మెట్లు నిండియున్నవి. పిల్లలు డప్పులు తెచ్చి మ్రోగించుచుండిరి. ఆట యందమేమియు తెలియని మేముకూడ ఒక గోలు పడినప్పుడు లేచి నిలిచితిమి. రాత్రి ఆటలోని సొగసు అప్పుడు మాకు బోధపడినది. ఎండ లేదు, తరగతి లేదు, పనికి పోయినవారు తిరిగివచ్చియుందురు. కుటుంబములు కలిసి చూడదగిన వేళ అదియే. హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2019లో పుట్టి, 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచినది. ఆ జట్టు గచ్చిబౌలి బాలయోగి స్టేడియములో ఆడిన దినములలో, రాత్రి ఆటలకు తండ్రులు పిల్లలను భుజములపై నెక్కించుకొని పోయెడివారని మా వారు చెప్పిరి.

అయితే మైదానము వెలుపలికి వచ్చినతోడనే మఱియొక సంగతి బోధపడినది. గేటునుండి బస్సు నిలుచు చోటికి రెండు ఫర్లాంగుల దూరము చీకటి సందు. అందు ఒక్క వీధిదీపము వెలుగుట లేదు. స్త్రీల మరుగుదొడ్డికి తాళము వేసియున్నది. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఎవరికిని తెలియదు. రాత్రి పదకొండు గంటల వేళవఱకు మెట్రోరైళ్లు నడచుచునే యున్నవి. కాని ఆ సందు దాటినగదా మెట్రో ఎక్కుట! మేము భయపడిన చీకటి ఆటలో లేదు. ఆటకును ఇంటికిని నడుమ నున్నది. ఆ నడిమి దారినిగూర్చి మా విన్నపములో ఒక్క యక్షరమును వ్రాయకపోతిమి.

మా వారికిని ఒక వ్యథ కలదు. అది మా వ్యథకంటె వేఱు. వారి పాఠశాల పిల్లలు శుక్రవారము సాయంకాలము అయిదు గంటలకు తమ చిన్న మైదానములో ఇరుగుపొరుగు పాఠశాలలతో పందెములాడుచుందురు. అన్నలు, అక్కలు, ఆ బడిలో చదివి వెళ్లినవారు వచ్చి చూచెడివారు. కళాశాలవారు రాత్రి దీపములు వెలిగించిన నాటినుండి వారందఱు మంచిచోటు చిక్కించుకొనుటకై అయిదింటికే అక్కడికి పోవుచున్నారు. "మఱ్ఱిచెట్టు క్రింద మొక్క మొలవదు. నిన్న మా పిల్లవాడొకడు గోలు కొట్టి చుట్టును చూచుకొన్నాడు. చప్పట్లు కొట్టినవాడను నేనొక్కడనే" అని వారనిరి. మా పేటవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. పెద్ద చిత్రము వచ్చిన శుక్రవారము చిన్న చిత్రమునకు థియేటరు దొరకుట ఎంత కష్టమో ఇక్కడి పిల్లవాడైనను చెప్పును.

ఈ తగవు మనకే పుట్టినది కాదు. అమెరికాదేశమున ఫుట్‌బాలు అనునది వేఱు. కోలబంతిని చేతబట్టుకొని పరుగెత్తు ఆట అది. అక్కడి యూళ్లలో శుక్రవారము రాత్రి ఉన్నత పాఠశాలల ఆటలకును, శనివారము కళాశాలల ఆటలకును వాడుకగా చెల్లివచ్చినది. జీతములు పుచ్చుకొని ఆడు పెద్ద జట్ల ఆటలు టెలివిజనులో వచ్చి కళాశాలల ఆటలను మ్రింగివేయకుండ 1961లో వారొక చట్టము చేసిరి. 1966లో దానిని సవరించి పాఠశాలల శుక్రవారమునుగూడ చేర్చిరి. ఇంతలో కళాశాలలే ఆ కట్టు దాటసాగినవి. పేరుగాంచిన విశ్వవిద్యాలయముల కూటమియగు బిగ్ టెన్, 2017 మొదలుకొని కొన్ని పందెములు శుక్రవారము రాత్రి జరుపుదుమని 2016లో ప్రకటించినది. టెలివిజను సొమ్ము దానికి కారణము. పాఠశాలల శిక్షకులు గోలపెట్టిరి. మిచిగన్ విశ్వవిద్యాలయము తాము శుక్రవారము ఆడబోమని అప్పుడు చెప్పినది. దేశమేదైనను, పెద్దవాడు చోటు కావలెనన్నప్పుడు చిన్నవాని చాపయే ముందుగా చుట్టబడును.

చిన్నవాని చాపకు విలువలేదని ఎవరైన ననుకొన్నచో వారికొక కథ చెప్పవలసియున్నది. భారతములో కురుకుమారుల బంతి నూతిలో పడగా ద్రోణాచార్యులవారు బాణములతో దానిని వెలికి దీసిరి. పిల్లల బంతియాట మూలముననే హస్తినాపురమునకు గురువు లభించినాడు. మన హైదరాబాదునకును అట్టి గురువొకడు దొరికినాడు. సయ్యద్ అబ్దుల్ రహీము 1909లో జన్మించి, ఉపాధ్యాయవృత్తిలో నుండి ఫుట్‌బాలు శిక్షకుడైనవాడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములు పొందినది. 1956 మెల్బోరన్ ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచినది. జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో గెలిచిన మఱుసటి యేడే, 1963లో, ఆయన కన్నుమూసెను. అంతటివాడును బడి పంతులే. బడి మైదానమునకు చూచువారు కఱవైనచో రేపటి యాటగాడు ఎక్కడ పుట్టును? ఆడపిల్లల మాటయు నిట్టిదే. నిజామాబాదు ప్రాంతమునుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టులో ఆడినది. ఆమె ఇంటి పెద్దలు వలదని కాగితము వ్రాసియుండినచో ఆమె పేరు మనము వినియుందుమా?

ఇంతకును కళాశాల జట్లు శుక్రవారము రాత్రి తమ మైదానమున పందెము పెట్టవచ్చునా, కూడదా? మా నిశ్చయము విన్నవించుచున్నాము. తమ మైదానమున ఆడించు జట్టును మన పత్రికలవారు "ఆతిథ్య జట్టు" అని వ్రాయుచుందురు. ఆ మాటలోనే న్యాయమంతయు నిమిడియున్నది. అతిథిని పిలిచిన గృహస్థునకు భోజనము పెట్టుటతో ధర్మము తీఱదు. చీకటిపడినచో దీపము పట్టి వీధిచివరవఱకు సాగనంపవలయును. పొరుగింట పెండ్లి యున్ననాడు తన యింట విందు పెట్టుకొనరాదు. పంక్తిలో మగవారికి మాత్రము వేడివేడిగా వడ్డించి ఆడవారికి అడుగున మిగిలినది పెట్టరాదు. ఈ మూడు ధర్మములు నడపగలవారు శుక్రవారము రాత్రి తప్పక ఆడింపవచ్చును. నడపలేనివారు దీపములు వెలిగించుట తగదు.

ఇట్లు తలపోసి మేము రెండవ విన్నపము వ్రాసితిమి. ఈ మాఱు ముందుగా ఆడబిడ్డకును, ఆమె జట్టువారికిని చదివి వినిపించితిమి. వారు రెండు మాటలు కొట్టివేసి, మూడు చేర్చిరి. నెలలో రెండు శుక్రవారములు మాత్రమే రాత్రి ఆటలు పెట్టవలెననియు, అందొకటి బాలికలకు, ఒకటి బాలురకు సమముగా నీయవలెననియు, తక్కిన శుక్రవారములు పాఠశాలల కొఱకు విడువవలెననియు వ్రాసితిమి. ఆట ఆఱున్నరకు మొదలై ఎనిమిదిన్నర దాటకుండ ముగియవలెను. రెండు జట్ల బాలికలను మెట్రోస్టేషనువఱకు కళాశాల బస్సు దింపవలెను. సందులో దీపములు వేయింపవలెను. మరుగుదొడ్డి తాళము తీయవలెను. తల్లులలో నలుగురము వంతులవారీగా గేటువద్ద నిలుచుటకు ఒప్పుకొన్నాము.

కళాశాలవారు అన్నియు నొప్పుకొనలేదు. సందు దీపములు నగరపాలకుల పని యనిరి. వాటికై మేమింకను తిరుగుచునే యున్నాము. నెలకు మూడు శుక్రవారములు తమకు కావలెనని బాలుర పక్షమువారు పట్టుబట్టిరి. ఆ తగవును తీఱలేదు. కాని బాలికలకొక రాత్రి ఇచ్చిరి, బస్సు నిచ్చిరి, తాళము తీసిరి.

ఆ శుక్రవారము సంధ్యదీపము పెట్టి, గడపకు నమస్కరించి, మేమును ఆడబిడ్డయు కలిసి గడప దాటితిమి. మా వారు తమ పాఠశాల పిల్లలను ముప్పదిమందిని వెంటబెట్టుకొని వచ్చిరి. అంతకుముందు చప్పట్లు లేక చుట్టును చూచుకొన్న ఆ పిల్లవాడు మా ప్రక్కనే కూర్చుండి, ఎవరెక్కడ నిలిచి ఆడవలెనో మాకు నేర్పుచుండెను. మెట్లు సగము నిండినవి. బాలుర యాటకు నిండినంత నిండలేదు. మా జట్టు 1-2 గోలులతో ఓడినది. అయినను ఆట ముగిసినప్పుడు పిల్లలు మైదానముచుట్టును తిరిగి మెట్లవైపు చేతులూపిరి. ఎండలో కూలబడిన యా పిల్లకు మెట్లమీద తల్లి లేకుండుట మాకు జ్ఞప్తికి వచ్చినది. ఈ రాత్రి మెట్లమీద చాలమంది తల్లులుండిరి.

తొమ్మిది దాటినపిమ్మట ఇల్లు చేరితిమి. గడపవద్ద దీపము కొండెక్కియున్నది. మా యాడబిడ్డ కాళ్లు కడుగుకొని వచ్చి, కుందిలో నూనె పోసి, మరల వెలిగించినది. మేము వలదనలేదు.

సోదరీమణులారా! మన పిల్లలకొఱకు భయపడుట తప్పు గాదు. భయము ప్రేమకు తోబుట్టువు. కాని "వలదు" అని కాగితముమీద వ్రాయుటకుముందు, ఆ వలదు ఎవరి నెత్తిన ఎండయై కాయునో ఒక్కసారి పిల్లనడిగి తెలిసికొనుడు. దారిలో చీకటి యున్నచో దారికి దీపమడుగుడు. మీ యూరి కళాశాలలోను ఇట్టి యాటలు జరుగుచున్నచో, ఈసారి మీరును కొంచెము మజ్జిగ పట్టుకొని పోయి మెట్లమీద కూర్చుండుడు.